పాత చైన్ సా కొనే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

సుబాబుల్, జామాయిల్, సరుగుడు తోటలు పెంచే రైతులు, కలప అడితీల వారు, మామిడి, కొబ్బరి తోటల్లో ఎండుకొమ్మలు తీయించుకోవలసిన వారు పాత చైన్ సా (గొలుసు రంపం) కోసం వెదికేటప్పుడు సాధారణంగా అడిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ఇవి ప్రధానంగా పెట్రోలుతో నడిచే టూ స్ట్రోక్ రంపాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. స్టార్ట్ అయి, గట్టిగా అరిచి, ఒక కొమ్మను కోసి చూపించిన రంపం మంచిదేనన్న నమ్మకం చాలామందిలో ఉంది. ఆ నమ్మకంతోనే ఎక్కువమంది నష్టపోతున్నారు కనుక, తాడు లాగే ముందు చూడవలసిన వాటికి ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాము.

కొత్తది దొరుకుతుండగా పాతది కొనడంలో లాభం ఉందా?

పనిని బట్టి ఉంటుంది. ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే కోత పని ఉన్న రైతుకు, పేరున్న కంపెనీ తయారుచేసిన పాత రంపం, లోపల ఇంజిను బాగుంటే, అదే ధరకు వచ్చే ఊరూ పేరూ తెలియని కొత్త రంపం కంటే ఎక్కువ కాలం పనిచేస్తుంది. స్టిల్, హస్క్‌వర్నా వంటి కంపెనీల రంపాలలో బాగా అమ్ముడుపోయిన మోడళ్ళకు పిస్టన్ మొదలుకొని స్టార్టర్ స్ప్రింగు వరకు విడిభాగాలు దొరుకుతాయి. వాటిని విప్పి బిగించడం తెలిసిన మెకానిక్కులు కూడా ఉంటారు.

రోజూ కూలికి కోతకు వెళ్ళే ముఠాకు మాత్రం పాతదాన్ని మొదటి రంపంగా కొనమని సలహా ఇవ్వలేము. తోటలో రంపం ఆగిపోతే దానితోపాటు లోడింగు కూలీలు, లారీ కూడా ఆగిపోతాయి. అలాంటివారు కొత్తది ఒకటి ఉంచుకుని, తోడుగా పాతది కొనుక్కోవడం మంచిది.

ఎన్ని సీసీల రంపం తీసుకోవాలి?

ఇంటి పెరట్లో కొమ్మలు, వంటచెరకు, సన్నని సరుగుడు కోయడానికి 30 నుంచి 35 సీసీల ఇంజిను, 14 లేదా 16 అంగుళాల బార్ (చైన్ దేని చుట్టూ తిరుగుతుందో ఆ పొడవాటి ఇనుప పలక) సరిపోతాయి. స్టిల్ ఎంఎస్ 180 ఈ తరగతిలోది. దాని ఇంజిను 31.8 సీసీ. సుబాబుల్, జామాయిల్ తోటలను నరికే పనికి 45 నుంచి 50 సీసీలు కావాలి. ఎంఎస్ 250 ఇంజిను 45.4 సీసీ. పాత వేప, చింత, నల్లతుమ్మ మొద్దులను కోయవలసి వస్తే 60 సీసీలకు పైబడిన రంపం ఉండాలి. ఎంఎస్ 382 ఇంజిను 72.2 సీసీ.

అమ్మేవారు చిన్న ఇంజినుకు పొడవాటి బార్ తగిలించి, పెద్ద రంపంలా చూపించడం తరచుగా జరుగుతుంది. 32 సీసీ ఇంజినుకు 20 అంగుళాల బార్ కనబడితే, ఆ రంపం శక్తికి మించిన పని చేసి ఉంటుందని భావించి, ఇంజిను లోపలి భాగాలను మరింత జాగ్రత్తగా చూడండి.

పాత రంపం ఎవరి దగ్గర కొంటే మేలు?

రంపాలు అమ్మి, రిపేరు కూడా చేసే డీలరు దగ్గర పాతవి ఉంటే మొదట అక్కడ అడగండి. ధర కొంత ఎక్కువగా ఉన్నా, తేడా వస్తే తిరిగి వెళ్ళి అడగడానికి ఒక చోటు ఉంటుంది. ఆ తరువాత, సొంత తోట కోసం కొని, పని అయిపోయాక అమ్ముతున్న రైతు మేలు. కూలి ముఠాల దగ్గరి రంపాలు బాగా అరిగి ఉంటాయి. అయితే రోజూ వాడే మనిషి ఆయిలు సరిగ్గా కలుపుతాడు, చైన్ పదును పెడతాడు కాబట్టి, అరిగినా ఆరోగ్యంగా ఉన్న రంపం అక్కడ దొరకవచ్చు.

తుఫాను ప్రాంతాల రంపాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్నం చెట్లను పడగొట్టింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. ఇలాంటి విపత్తు వచ్చినప్పుడు అంతకుముందు రంపం పట్టుకోని వారు కూడా హడావిడిగా కొంటారు, పడిపోయిన చెట్లను తొలగించాక దాన్ని మూలన పెడతారు. అటువంటి రంపం బయటికి కొత్తదానిలా మెరుస్తుంది. దాన్ని వాడిన వ్యక్తికి ఆయిలు కలిపే పద్ధతి తెలుసా, ట్యాంకులో పెట్రోలు ఖాళీ చేసి పెట్టాడా అన్న రెండు ప్రశ్నలు అడగండి. ఇసుక నేలలో పడిపోయిన కొబ్బరి మానులను కోసిన రంపమైతే బార్, ఆయిలు పంపు కూడా విప్పి చూడాలి.

చూడటానికి వెళ్ళేటప్పుడు వెంట ఏమి తీసుకువెళ్ళాలి?

చిన్న టార్చి, 13, 19 మి.మీ. కొలతలున్న రంపం స్పానరు, టీ 27 స్టార్ కీ, ఒక తెల్ల అట్టముక్క, పాత గుడ్డ, చేతి తొడుగులు, కళ్ళద్దాలు. స్టిల్ రంపాలలో బార్ నట్లు 13, ప్లగ్గు 19 కొలతకు వస్తాయి. మిగతా స్క్రూలలో ఎక్కువభాగం టీ 27తో విప్పవచ్చు. అర లీటరు తాజా పెట్రోలు, దానికి సరిపడా టూ స్ట్రోక్ ఆయిలు కలిపి తీసుకువెళితే ఇంకా మంచిది, ఎందుకంటే ట్యాంకులో ఉన్న పాత పెట్రోలు మీద నెపం వేసే అవకాశం అమ్మేవారికి ఉండదు. కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి) కొలిచే గేజి ఉన్న మెకానిక్కును వెంట తీసుకువెళ్ళగలిగితే ఆయనకు ఇచ్చే కూలి వృథా పోదు.

మేము వెళ్ళేసరికి రంపం అప్పటికే నడుస్తోంది. అది మంచి లక్షణమేనా?

కాదు. ఇంజిను వేడెక్కి ఉంటే చాలా లోపాలు బయటపడవు. చల్లగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు తాడు లాగితే స్టార్ట్ అవుతుందో తెలుసుకోవడం మీ హక్కు. వెళ్ళే ముందు ఫోనులోనే, మేము వచ్చేవరకు స్టార్ట్ చేయవద్దని మర్యాదగా చెప్పండి. వెళ్ళగానే సైలెన్సర్ దగ్గర అరచేతిని కొంచెం దూరంగా పెట్టి వేడి ఉందేమో చూడండి. వేడిగా ఉంటే టీ తాగి రండి. పూర్తిగా చల్లారిన తరువాతే మిగతా పరీక్ష మొదలుపెట్టండి. తొందరపెడుతున్న అమ్మకందారు దగ్గర తొందరపడకపోవడమే మంచిది.

ఇంజిను లోపలి పరిస్థితి విప్పకుండా తెలుసుకోవచ్చా?

పూర్తిగా విప్పనక్కర లేదు. సైలెన్సర్ ఒక్కటి తీస్తే చాలు. పాత రంపం విషయంలో ఇంతకంటే విలువైన పరీక్ష లేదు కాబట్టి దీన్ని వివరంగా చెబుతున్నాము.

టూ స్ట్రోక్ ఇంజినులో కారు ఇంజినులో మాదిరి ఆయిలు సంపు ఉండదు. పిస్టన్‌కు, క్రాంక్ బేరింగులకు అందే నూనె అంతా పెట్రోలులో కలిపి పోసినదే. ఎవరైనా ఒక్కసారి మరచిపోయి వట్టి పెట్రోలు పోసి నడిపినా, కార్బురేటర్‌లో పెట్రోలు తక్కువై గాలి ఎక్కువ వెళ్ళేటట్లు స్క్రూలు తిప్పి నడిపినా, పిస్టన్ వేడెక్కి ఉబ్బి సిలిండరు గోడను రాచుకుంటుంది. మెకానిక్కులు దీన్నే పిస్టన్ పట్టేసిందని, సీజ్ అయిందని అంటారు. చల్లారాక ఆ ఇంజిను మళ్ళీ స్టార్ట్ కావచ్చు, కొన్నాళ్ళు నడవవచ్చు కూడా. అయితే ఆ దెబ్బ తాలూకు గుర్తు పిస్టన్ మీద నుంచి పోదు.

ముందుగా ప్లగ్గు తీసి పక్కన పెట్టండి. తరువాత సైలెన్సర్‌ను పట్టి ఉంచే బోల్టులు విప్పి దాన్ని బయటికి తీస్తే, సిలిండరు గోడలో పొగ వెళ్ళే రంధ్రం కనబడుతుంది. స్టార్టర్ తాడును చాలా నెమ్మదిగా లాగితే ఆ రంధ్రం వెనుక పిస్టన్ కిందికీ పైకీ కదులుతుంది. పిస్టన్ పక్కభాగం రంధ్రాన్ని మూసిన చోట ఆపి, టార్చి వెలుగును ఏటవాలుగా వేసి చూడండి. ఆరోగ్యంగా ఉన్న పిస్టన్ బూడిద రంగులో ఉండి, తయారీలో లేత్ మీద పడిన సన్నని అడ్డగీతలు ఇంకా కనబడుతుంటాయి. రింగు తన గాడిలో శుభ్రంగా కూర్చుని ఉంటుంది. సన్నని పుల్లతో మెల్లగా నొక్కితే లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి వస్తుంది.

అడ్డగీతలకు బదులు పైనుంచి కిందికి నిలువు గీతలు కనబడితే సీజ్ అయిన ఇంజిను అని అర్థం. గోరు పెట్టి గీస్తే తగలని ఒకటి రెండు సన్నని చారలు ఉంటే ధర తగ్గించి ఆలోచించవచ్చు. గీత గోటికి తగులుతున్నా, అల్యూమినియం కరిగి పూసినట్లుగా రింగు మీదికి వ్యాపించినా, ఆ రంపానికి పిస్టన్, సిలిండరు రెండూ మార్చవలసిందే. ఈ సిలిండర్లలో ఎక్కువ భాగం అల్యూమినియంతో చేసి, లోపలి గోడకు గట్టి లోహపు పూత వేసినవి. ఆ పూత లేచిపోతే, పాత బైకులకు చేసినట్లు బోరింగు చేయించి ఓవర్ సైజు పిస్టన్ వేయడం కుదరదు.

కార్బురేటర్ వైపు నుంచి కూడా చూడగలిగితే చూడండి. అటు పక్క పిస్టన్ మెరుపు పోయి, సన్నని ఇసుక కాగితంతో రుద్దినట్లు మొద్దుగా ఉంటే, చిరిగిన ఎయిర్ ఫిల్టరుతోనో అసలు ఫిల్టరు లేకుండానో నడిపారని, దుమ్ము లోపలికి వెళ్ళిందని తెలుస్తుంది.

సైలెన్సర్ తీయడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే?

ఆయన అనుమానం కూడా న్యాయమైనదే. తెలియని మనిషి చేతికి స్పానరు ఇవ్వడానికి ఎవరైనా వెనుకాడతారు. దగ్గరలోని మెకానిక్ షెడ్డులో, ఖర్చు మీరు పెట్టుకుని విప్పించి చూస్తామని అడగండి. దానికీ ఒప్పుకోకపోతే వదిలేయడం మంచిది.

కంప్రెషన్ ఎంత ఉండాలి?

ప్లగ్గు స్థానంలో గేజి బిగించి, రేజ్ పూర్తిగా నొక్కి పట్టుకుని, సూది ఇక పైకి కదలనంతవరకు ఐదారుసార్లు తాడు లాగాలి. సుమారు 150 పీఎస్ఐ చూపిస్తే ఇంజిను బలంగా ఉన్నట్లే. 120 దగ్గర చిన్న రంపాలు ఇంకా బాగానే పనిచేస్తాయి. 100 దగ్గరికి వచ్చిందంటే రింగులు గానీ పిస్టన్ గానీ మార్చే ఖర్చు ముందుంది. డీకంప్రెషన్ బటన్ (తాడు సులభంగా లాగడానికి కంప్రెషన్ తగ్గించే బటన్) ఉన్న పెద్ద రంపాలలో అది లోపలికి నొక్కి లేకుండా చూసుకోండి.

గేజి లేకపోతే స్విచ్ ఆపి, చైన్‌కు కవరు తొడిగి, స్టార్టర్ పిడిని పట్టుకుని రంపాన్ని నేలకు కొద్ది ఎత్తులో నెమ్మదిగా వేలాడదీసి చూడవచ్చు. మంచి ఇంజిను తాడును ఆగి ఆగి వదులుతుంది. అరిగినది ఒక్కసారిగా జారిపోతుంది. ఇది అంచనాకు పనికివస్తుందే తప్ప నిర్ణయానికి చాలదు. సులభంగా స్టార్ట్ అయ్యే ప్రత్యేక స్ప్రింగు ఉన్న మోడళ్ళలో ఈ పరీక్ష పనిచేయదు.

స్టార్ట్ చేసిన తరువాత ఏమి గమనించాలి?

రంపాన్ని నేల మీద పెట్టి, వెనుక పిడిలో కాలి బొటనవేలి భాగం ఉంచి నొక్కి, ముందు పిడిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, చైన్ బ్రేకు (ముందు పిడి ఎదుటి కాపును ముందుకు తోస్తే చైన్‌ను ఆపే బ్రేకు) వేసి స్టార్ట్ చేయాలి. గాలిలో పట్టుకుని తాడు లాగి చూపించే అలవాటు మన దగ్గర ఎక్కువ. ఆ ప్రదర్శనను మెచ్చుకోవద్దు.

స్టార్ట్ అయ్యాక బ్రేకు వదిలి, రేజ్ ఇవ్వకుండా అలాగే ఉంచండి. ఇంజిను ఆగకుండా నిలకడగా తిరగాలి, చైన్ మాత్రం కదలకూడదు. చైన్ దానంతట అదే తిరుగుతుంటే ఐడిల్ (రేజ్ ఇవ్వనప్పటి ఇంజిను వేగం) ఎక్కువ పెట్టారు, లేదా క్లచ్ స్ప్రింగులు సాగిపోయాయి. ఐడిల్‌లో ఆగిపోయే ఇంజినును దాచడానికి ఆ స్క్రూను బిగించి పెడతారు కనుక, దాన్ని కొద్దిగా వదులు చేసి మళ్ళీ చూడమని అడగండి.

తరువాత ఒకసారి పూర్తి రేజ్ ఇచ్చి వదలండి. వదిలిన వెంటనే ఇంజిను కిందికి దిగాలి. కాసేపు పైనే ఉండి, నెమ్మదిగా దిగుతుంటే, ఎక్కడో గాలి లోపలికి పోతోందని అనుమానించాలి. ఐడిల్‌లో ఉండగా రంపాన్ని కుడికి, ఎడమకు, ముక్కు కిందికి వంచి చూడండి. వంచిన ప్రతిసారీ శబ్దం మారుతుంటే క్రాంక్ ఆయిలు సీళ్ళు, బేరింగులు, కార్బురేటర్‌కు ఇంజినుకు మధ్య ఉండే రబ్బరు గొట్టం వీటిలో ఏదో ఒకటి పోయి ఉండవచ్చు. గాలి లీకును పట్టించుకోకుండా కార్బురేటర్ స్క్రూలతో సర్దిపెట్టిన రంపం, కొత్త పిస్టన్ వేసినా మళ్ళీ సీజ్ అవుతుంది.

శబ్దాన్ని గుర్తుపట్టడం కొంత అనుభవం మీద వస్తుంది. సరిగ్గా ట్యూన్ చేసిన రంపం, చెట్టుకు తగలకుండా పూర్తి రేజ్‌లో ఉన్నప్పుడు కొద్దిగా గరగరలాడుతుంది. కలపలో దించగానే ఆ గరగర పోయి శబ్దం శుభ్రపడుతుంది. చెట్టుకు తగలకముందే సన్నగా, పదునుగా, ఈల వేసినట్లు అరుస్తుంటే పెట్రోలు తక్కువ అందుతున్నట్లు. వినడానికి అదే బలంగా అనిపిస్తుంది కాబట్టి కొనేవారిని ఆకట్టుకోవడానికి అలా తిప్పి పెట్టేవారున్నారు. ఆ శబ్దం వింటే వెంటనే ఆపించండి.

చివరగా మొద్దు మీద మూడు నాలుగు కోతలు కోసి, ఆపి, ఐదు నిమిషాలు ఉంచి మళ్ళీ స్టార్ట్ చేయండి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడి మీద మొండికేసే రంపంలో కంప్రెషన్ తగ్గి ఉండవచ్చు, లేదా ఇగ్నిషన్ కాయిల్ వేడికి పనిచేయకపోతూ ఉండవచ్చు.

‘స్టార్టింగ్ ట్రబుల్ ఒక్కటే ఉంది, కార్బురేటర్ క్లీన్ చేయిస్తే సరిపోతుంది’ అంటున్నారు. నమ్మవచ్చా?

ఆ మాట నిజమే కావచ్చు. చాలాకాలం పెట్రోలుతో నిలవ ఉన్న కార్బురేటర్‌లో జిగురు పేరుకుని, డయాఫ్రం (లోపలి పల్చని పొర) గట్టిపడి స్టార్ట్ కాకపోవడం సాధారణం. ఆ భాగాల కిట్ మారిస్తే బాగవుతుంది. కానీ సీజ్ అయిన ఇంజినును అమ్మేవారు కూడా ఇదే మాట చెబుతారు. నడవని రంపాన్ని పైన చెప్పిన పిస్టన్ పరీక్ష చేయకుండా కొనవద్దు. పిస్టన్ శుభ్రంగా ఉండి, ప్లగ్గులో నిప్పు వస్తున్న రంపం నడవకపోతే భయపడనక్కర లేదు. చవకగా మంచి రంపం దొరికేది ఇలాంటి సందర్భంలోనే.

బార్, చైన్, స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ళచక్రం) అరిగి ఉంటే కొనడం మానుకోవాలా?

మానుకోనక్కర లేదు. ఇవి అరిగేవే, మార్చేవే. వాటి ఖర్చును ధరలో తగ్గించి అడగండి. అలాగే, కొత్త చైన్ తొడిగి ఉందని ఇంజినును చూడకుండా ఎక్కువ ధర పెట్టవద్దు.

చైన్ పళ్ళన్నీ ఒకే పొడవులో ఉండాలి. ఆకురాయితో పదును పెట్టగా పెట్టగా పంటి పైభాగం 3 నుంచి 4 మి.మీ.లకు తగ్గితే ఆ చైన్ పని అయిపోయినట్లే. పదును ఉన్న చైన్ పొట్టును రేకులుగా విసురుతుంది, మొద్దుబారినది పిండిలా రాలుస్తుంది. బార్‌ను తీసి అంచు మీద వేలు పోనిస్తే కోసుకునేంత పదునైన పెచ్చులు తగలకూడదు. గాజు పలక వంటి చదును మీద దాన్ని నిలబెడితే ఒకవైపుకు ఒరగకూడదు. ఒరిగితే రెండు పట్టాలు సమానంగా అరగలేదు, కోత వంకరగా వెళుతుంది. నీలి రంగు మచ్చలు ఉంటే నూనె అందక కాలిందని అర్థం. ముక్కు దగ్గరి చిన్న చక్రం అల్లాడకుండా తిరగాలి.

స్ప్రాకెట్ మీద చైన్ పడి ఏర్పడిన గాడి అర మి.మీ. కంటే లోతుగా ఉంటే మార్చాలి. క్లచ్ డ్రమ్ము నీలంగా మారి ఉంటే బ్రేకు వేసి ఉండగానే రేజ్ ఇచ్చారని, లేదా మొద్దు చైన్‌తో బలవంతంగా కోశారని గ్రహించండి. బార్, చైన్ తీసి ఉన్నప్పుడే క్లచ్‌ను పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడండి. క్రాంక్ షాఫ్టు ఏమాత్రం ఆడినా బేరింగు పోయినట్లు. ఇది బార్, చైన్ మాదిరి చిన్న ఖర్చు కాదు.

చైన్‌కు నూనె సరిగ్గా వెళుతోందో ఎలా తెలుస్తుంది?

తెల్ల అట్టముక్కను నేల మీద పరచి, బార్ ముక్కును దానికి జానెడు ఎత్తులో పట్టుకుని సగం రేజ్ మీద కాసేపు నడపండి. అట్ట మీద సన్నని నూనె గీత పడాలి. మొదట ఏమీ కనబడకపోయినా, కొన్ని క్షణాలకు చిన్న చుక్కలు వరుసగా పడి గీతగా మారుతాయి. ఏమీ పడకపోతే ముందు బార్ మొదట్లోని నూనె రంధ్రం పొట్టుతో మూసుకుపోయిందేమో చూడండి. అది శుభ్రం చేసినా రాకపోతే పంపు లోపం. ట్యాంకులో బైకుల్లోంచి తీసిన నల్లని పాత ఇంజిన్ ఆయిలు పోసి ఉంటే, ఆ రంపాన్ని శ్రద్ధగా చూసుకోలేదని అనుకోవచ్చు. ఆ నూనెలోని లోహపు రజను పంపును, బార్‌ను తినేస్తుంది; చర్మానికి కూడా మంచిది కాదు.

ఏ లోపం ఉంటే బేరం లేకుండా వెనక్కి రావాలి?

చైన్ బ్రేకు పనిచేయకపోతే, దాన్ని సరిచేయించే వరకు ఆ రంపం ఎంత చవకైనా పనికిరాదు. బార్ ముక్కు పైభాగం కొమ్మకు గానీ దుంగకు గానీ తగిలినప్పుడు, తిరుగుతున్న చైన్ అక్కడ చిక్కుకుని, రంపం రెప్పపాటులో కోసే మనిషి ముఖం వైపు ఎగురుతుంది. ఆ క్షణంలో చైన్‌ను ఆపేది ముందు పిడి ఎదుట ఉన్న ప్లాస్టిక్ కాపుకు జోడించిన బ్రేకు ఒక్కటే. సగం రేజ్‌లో ఎడమ చేతి మణికట్టుతో ఆ కాపును ముందుకు తోస్తే చైన్ తక్షణం ఆగాలి. కాపు విరిగిపోయి, తీసేసి, తీగతో కట్టి ఉన్న రంపాలను మన తోటల్లో చూస్తూనే ఉన్నాము. అడ్డంగా ఉందని తీసేశామని మామూలుగా చెబుతారు. మెడ మీద, భుజం మీద పడే గాయాన్ని తలచుకుంటే ఆ మాట వినడానికే బాధ కలుగుతుంది.

దీనితోపాటు మరికొన్ని చూడాలి: వెనుక పిడి పైనున్న లాక్ నొక్కకుండా రేజ్ కదలకూడదు, ఆఫ్ స్విచ్ నొక్కగానే ఇంజిను ఆగాలి, తెగిన చైన్‌ను పట్టుకునే చిన్న కొక్కెం బార్ మొదట్లో కింద ఉండాలి, పిడులను ఇంజినుతో కలిపే రబ్బర్లు, స్ప్రింగులు తెగి ఉండకూడదు, పెట్రోలు కారకూడదు.

నకిలీ రంపాన్ని గుర్తుపట్టడం ఎలా?

పేరున్న కంపెనీల రంగులు, అక్షరాలు అచ్చంగా దింపిన నకిలీలు చాలా ఉన్నాయి. స్టిక్కరును నమ్మకండి. అసలు స్టిల్ రంపం బాడీ మీద క్రమసంఖ్య చెక్కి ఉంటుంది. దాన్ని ఫొటో తీసి అధీకృత డీలరుకు చూపిస్తే నిజానిజాలు చెప్పగలరు. హస్క్‌వర్నా క్రమసంఖ్యలో మొదటి నాలుగు అంకెలు తయారైన సంవత్సరాన్ని, తరువాతి రెండు ఆ సంవత్సరంలోని వారాన్ని సూచిస్తాయి, అందువల్ల ‘రెండేళ్ళే అయింది’ అన్న మాటను అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు. సంఖ్యను గీకివేసిన రంపాన్ని ముట్టుకోవద్దు.

సొంత పేరుతో వచ్చే 52, 58 సీసీల చవక రంపాలు నకిలీలు కావు. వాటికి విడిభాగాలు కూడా చవకగా దొరుకుతాయి. అయితే పాతవాటిని కొనడంలో అర్థం లేదు, ఎందుకంటే కొత్తదాని ధరే తక్కువ, తయారీ నాణ్యత ఒక్కొక్కదానికి ఒక్కో రకంగా ఉంటుంది.

ఎంత ధర ఇవ్వవచ్చు?

అదే మోడల్ కొత్తదాని ఈనాటి ధరను డీలరు దగ్గర తెలుసుకుని వెళ్ళండి. పిస్టన్ శుభ్రంగా, కంప్రెషన్ బలంగా, బ్రేకు సరిగ్గా ఉన్న రంపానికి ఆ ధరలో సగం వరకు ఇవ్వడం మా దృష్టిలో న్యాయం. అక్కడి నుంచి చైన్, బార్, స్ప్రాకెట్ వంటి మార్చవలసిన వాటి ఖర్చు తగ్గించండి. సిలిండరు మార్చవలసిన రంపాన్ని విడిభాగాల ధరకు తప్ప తీసుకోవద్దు.

చట్టపరంగా ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా?

ఉన్నాయి. అటవీ నేరాలలో వాడిన పనిముట్లను, వాహనాలను స్వాధీనం చేసుకునే అధికారం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం అధికారులకు ఇస్తోంది. శేషాచలం చుట్టుపక్కల ఎర్రచందనం దొంగ రవాణా జరిగే ప్రాంతాలలో, ఎవరిదో తెలియని రంపాన్ని కాగితం లేకుండా కొనడం ప్రమాదకరం. మోడల్, క్రమసంఖ్య, తేదీ, ధర రాసి అమ్మేవారి సంతకంతో రసీదు తీసుకోండి. అసలు బిల్లు ఉంటే అదీ అడగండి.

రంపం ఉన్నంత మాత్రాన చెట్టు కొట్టే హక్కు వచ్చినట్లు కాదు. వాల్టాగా పిలిచే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం రెండు తెలుగు రాష్ట్రాలలోనూ అమలులో ఉంది. మీ పట్టా భూమిలోని చెట్టుకైనా, దాని జాతిని బట్టి అనుమతి కావాలో అక్కరలేదో అటవీ రేంజ్ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోండి.

పాత బ్యాటరీ రంపం కొనవచ్చా?

ఇంజిను బాధలు లేకపోయినా, దాని విలువలో పెద్ద భాగం బ్యాటరీదే. పూర్తిగా ఛార్జి చేయించి, మొద్దు మీద కోస్తూ ఎంతసేపు వస్తుందో చూడండి. కొత్త బ్యాటరీ ఇంకా మార్కెట్లో దొరుకుతోందో లేదో తెలుసుకోకుండా కొనవద్దు. బ్రేకు, బార్, చైన్ పరీక్షలు దీనికీ అవే.

కొన్న తరువాత వెంటనే చేయవలసిన పనులు ఏమిటి?

ట్యాంకులోని పాత పెట్రోలును పూర్తిగా పారబోయండి. అందులో ఆయిలు ఎంత కలిపారో మీకు తెలియదు. పెట్రోలు గొట్టం, ట్యాంకు లోపలి ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు మార్చండి; ప్లగ్గు సందు 0.5 మి.మీ. ఉంచాలి. స్టార్టర్ కవరు తీసి, సిలిండరు రెక్కల మధ్య గట్టిపడిన పొట్టును, నూనె ముద్దలను బ్రష్షుతో తీసివేయండి. రంపాలు గాలి తగలక వేడెక్కడానికి ఇదే కారణం.

పెట్రోలులో ఆయిలు కలిపే కొలత ఆ మోడల్ పుస్తకంలో ఉన్నదే పాటించాలి. స్టిల్ తన సొంత టూ స్ట్రోక్ ఆయిలుకు 50 పాళ్ళకు ఒక పాలు, అంటే లీటరుకు 20 మి.లీ. చెబుతుంది, మామూలు టూ స్ట్రోక్ ఆయిలైతే 25 పాళ్ళకు ఒకటి, లీటరుకు 40 మి.లీ. బైకు ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఆయిలు కలపవద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రంపాల రబ్బరు గొట్టాలను, డయాఫ్రంలను పాడుచేస్తుంది. అందుచేత ఆ వారం పనికి సరిపడా మాత్రమే కలుపుకోండి. పని లేని నెలల్లో ట్యాంకు ఖాళీ చేసి, ఐడిల్‌లో దానంతట అదే ఆగేవరకు ఇంజినును నడిపి, చైన్ తీసి నూనె రాసి దాచండి.

మొదటి ట్యాంకు పెట్రోలు అయిపోయేసరికి చైన్ నూనె ట్యాంకు కూడా అడుగంటడానికి దగ్గరగా రావాలి. నూనె అలాగే నిండుగా ఉంటే కోత ఆపి, పంపు చూపించిన తరువాతే మళ్ళీ పని మొదలుపెట్టండి.